మా బావగారు తొట్టి ఎక్కిన వైనం

మా అక్క మొగుణ్ణి గురించి నాలుగు మాటలు చెప్పమంటే నేను నలభై చెబుతాను. ముప్ఫై ఏళ్ళుగా ఆయనతో వేగుతున్నదాన్ని, ఆ మాత్రం హక్కు నాకుంది. ఊళ్ళో అందరూ ఆయన్ని కొలబద్ద అంటారు. ఎదురుగా కాదు, చాటుగా. ఎదురుగా అంటే ఎన్ని అడుగుల దూరం నుంచి అన్నారో టేపు పెట్టి కొలిచి రాసుకుంటాడు మహానుభావుడు.

ఆయన ఉద్యోగం రేవు ఆఫీసులో. మా ఊరి ముందు సముద్రం ఒకచోట లోపలికి చొచ్చుకొచ్చి, పెద్ద కెరటం రాని చిన్న అఖాతంలా నిలబడి ఉంటుంది. ఆ నీళ్ళలో నారింజ రంగు డబ్బాలు తొమ్మిది తేలుతుంటాయి. ఒక్కో డబ్బా కింద ఒక గొలుసు, గొలుసు కింద అడుగున ఒక సిమెంటు దిమ్మ. పడవలున్న వాళ్ళు వచ్చి ఎవరి డబ్బాకి వాళ్ళు తాడు కట్టుకుని ఒడ్డుకి వెళ్ళిపోతారు. ఏ డబ్బా ఎవరిది, గొలుసు ఎంత పొడుగుండాలి, గాలి మళ్ళినప్పుడు పడవ ఎంత మేర తిరుగుతుంది, పక్క పడవకి తగులుతుందా తగలదా, ఇవన్నీ చూడడం మా బావగారి పని.

ఆ డబ్బాలకీ ఒడ్డుకీ మధ్య, నీళ్ళు తీసినప్పుడు బయటపడే ఇసుక తిప్ప ఒకటుంది. ఆ ఇసుక నిండా గుల్లలే, పెంకుతో ఉడకబెట్టి తినేవి. మా అమ్మ అక్కడే తవ్వింది, మా అక్క తవ్వుతుంది, నేనూ తవ్వుతాను. మాలాంటి ఇళ్ళు నలభై దాకా ఉన్నాయి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో చిన్న పార, నడుముకి వల సంచి. వంగిన నడుము సాయంత్రానికి లేవనని మొండికేస్తుంది గానీ నోటికి మాత్రం అలుపుండదు. ఊళ్ళో ఎవరింట్లో ఏం జరిగినా ముందు తిప్పకే తెలియాలి.

గుల్ల అమాయకపు ప్రాణి. చుట్టూ ఉన్న నీళ్ళు తాగి, వడగట్టి, మళ్ళీ బయటికి వదులుతుంది. నీళ్ళలో ఏముంటే దాని కడుపులో అదే ఉంటుంది. పడవల్లోనేమో మరుగుదొడ్లుంటాయి. ఆపైన నా చేత చెప్పించకండి. అందుకని ఆరోగ్య శాఖ వాళ్ళు ఒక చట్టం చేశారు: గుల్లల తిప్ప పక్కన తొమ్మిది పడవల దాకా కట్టుకోవచ్చు, పదోది కనబడిందంటే ఆ తిప్ప ఏడాది పాటు మూత. ఒక్క గుల్ల తవ్వడానికి వీల్లేదు.

"అదేం లెక్క బావగారూ? తొమ్మిది మంది వెళ్తే పన్నీరూ, పదోవాడు వెళ్తే విషమూనా?" అని అడిగాను ఒకసారి.

ఆయన నవ్వలేదు. ఆయన నవ్వడం నేను చూసిందే తక్కువ. "ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి కదమ్మా. గీశాక దాన్ని తొక్కకుండా ఉండాలి," అన్నాడు.

అసలు మెలిక ఇంకోటుంది. తొమ్మిదికి మించి కట్టకూడదనే హద్దు పెట్టిందే తిప్ప కోసం. తిప్ప మూతపడితే ఇక ఆ హద్దుతో పనే లేదు. పది కాదు, ఇరవై పడవలు కట్టుకోవచ్చు. పడవల సంఘానికి ఆ సంగతి బాగా తెలుసు. ఆ సంఘానికి అధ్యక్షుడు మా ఊరి పళ్ళ డాక్టరు. రోజంతా జనం చేత నోళ్ళు తెరిపించి, వాళ్ళు బదులు చెప్పలేని స్థితిలో తాను మాట్లాడడం ఆయనకి అలవాటు. బయట కూడా అందరూ నోట్లో దూది పెట్టుకుని కూర్చున్నారనే అనుకుంటాడు. ఉన్నమాట చెప్పుకోవాలి, వాళ్ళ బాధ వాళ్ళకీ ఉంది. డబ్బా కోసం ఇరవై ఆరుమంది వరసలో ఉన్నారు. డాక్టరుగారి బావమరిదే పదకొండేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. పడవ కొనుక్కుని ఇంటి ముందు గుడ్డ కప్పి పెట్టుకున్నవాడి కడుపు మండదా మరి?

మధ్యలో మా బావగారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పడవల గొలుసులు అడుగున ఈడ్చుకుంటూ తిరిగి, చుట్టూ గుల్లన్నది లేకుండా ఇసుకని బోడిగుండు చేస్తున్నాయని కనిపెట్టింది ఆయనే. నీళ్ళు బాగా తీసిన రోజున ప్యాంటు మడిచి, చేతిలో టేపుతో ఆ బోడిగుండ్లు ఒక్కొక్కటీ కొలిచాడు. తరవాత ప్రతి గొలుసుకీ నడిమధ్యన ఇంకో చిన్న డబ్బా కట్టించాడు, గొలుసు నేలకి తగలకుండా పైకి లేచి ఉండాలని. పడవలవాళ్ళు తిట్టిన తిట్లు ఇన్నీ అన్నీ కావు. సరే, మనవైపు మనిషే అని మేం సంబరపడేలోపు మా దగ్గరికొచ్చి, దిమ్మకి మూడు బారల లోపల తవ్వితే దిమ్మ కదులుతుంది, తవ్వడానికి వీల్లేదన్నాడు. ఆ మూడు బారల్లోనే కదా లావుపాటి గుల్లలుండేది! ఆ రోజు మేం తిట్టాం. ఆయన రెండు వైపుల తిట్లూ సమానంగా తిని, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాడు.

ఇంట్లోనూ అదే వరస. గుమ్మం దగ్గర చెప్పులకి గీతలు గీసి ఉంటాయి. చుట్టాలొస్తే వాళ్ళ చెప్పులకి వేరే గీత. అందరం భోజనాలకి కూర్చుంటే, ఎవరి చేతులు ఎంత దూరం ఊగుతాయో చూసి కుర్చీలు వేస్తాడు. మా ఆయన చేతులు తిప్పుతూ మాట్లాడతాడని ఆయనకి చివర్న విడిగా కుర్చీ వేసి, "మీకు తిరుగుడు జాగా ఎక్కువ కావాలి," అన్నాడు. మా ఆయన అది మర్యాద అనుకుని మురిసిపోయాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో అక్క ఎలా కాపరం చేస్తోందే అని నేను అప్పుడప్పుడు అడిగేదాన్ని. "ఆయన అరవడు, అబద్ధమాడడు. మిగతావి గీతలే కదా, దాటేస్తుంటాను," అనేది అక్క.

ఇంకో సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళు పడవల మీద పెత్తనం చేసిన ఈ మనిషికి నీళ్ళంటే చచ్చేంత భయం. ఈత రాదు. పడవెక్కితే అవతలి ఒడ్డు చేరేలోపు కడుపులో ఉన్నదంతా కక్కేస్తాడు. అందుకే ఏ తనిఖీ అయినా గట్టు మీద నిలబడి దుర్భిణీతోనే. ఆఫీసులో మేకుకి ఒక తేలే జాకెట్టు వేలాడుతూ ఉంటుంది. ఉండాలని రూలుంది కాబట్టి ఉంది. అది నిజంగా తేలుతుందో లేదో ఇరవై ఏళ్ళలో ఎవరూ చూడలేదు.

ఇక జరిగిన కథలోకి వస్తాను.

ఏడాదికొకసారి ఆరోగ్య శాఖ నుంచి చెప్పాపెట్టకుండా వచ్చి పడవలు లెక్కపెడతారు. ఆ ఏడాది వచ్చింది ఒక పడుచు ఆఫీసరమ్మ. చేతిలో అట్ట, అట్టకి కాగితాలు, మెడలో దుర్భిణీ. సాక్షులుగా పడవల తరఫున డాక్టరుగారు, తిప్ప తరఫున నేను. నలుగురం గట్టు మీద నిలబడ్డాం.

ఆ పొద్దున్నే మా అక్క ఒక పని చేసింది. తవ్విన గుల్లల్ని ఒక పూట తేట సముద్రపు నీళ్ళలో ఉంచితే అవి ఇసుక కక్కేస్తాయి. లేకపోతే తినేవాడి పళ్ళు కరకరలాడి డాక్టరుగారికి బేరం తగులుతుంది. అందుకని సంచుల్ని తిప్ప అంచున ఒక గుంజకి కట్టి నీళ్ళలో వదులుతాం. ఆ రోజు అక్క గుంజ పుటుక్కున విరిగింది. ఏం చేస్తుంది పాపం? ఇంటి నుంచి బట్టలు నానబెట్టే పెద్ద నీలం ప్లాస్టిక్ తొట్టి తెచ్చి, గుల్లలూ నీళ్ళూ పోసి, తేలేట్టు వదిలి, తాడుతో నాలుగో నంబరు డబ్బాకి కట్టింది. కాసేపేగా అనుకుంది. తిప్ప మీద ఇరవైమందిమి ఉన్నాం, అందరం చూశాం. కొలబద్దగారి పెళ్ళాం పడవ డబ్బాకి తొట్టి కడుతుంటే ఒక్కదానికీ బుర్రలో దీపం వెలగలేదు. పైగా ముడి సరిగ్గా పడలేదని నేనే వెళ్ళి బిగించి వచ్చాను.

బావగారు వేలు చూపిస్తూ పైకి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు దగ్గర గొంతు ఆగింది. మళ్ళీ మొదలుపెట్టి తొమ్మిది దాకా వచ్చి, మళ్ళీ నాలుగో డబ్బా వైపు చూశాడు.

"పది," అన్నాడు డాక్టరుగారు, చక్కెర తిన్నట్టు.

"ఏది పది?" అన్నాను. "కళ్ళజోడు మార్చుకోండి డాక్టరుగారూ, అది బట్టల తొట్టి."

"నేనేం అనడం లేదమ్మా. పదకొండో రూలు అంటోంది. సార్, ఒకసారి చదవండి, మీ చేత్తో రాసిందే."

ఆ పదకొండో రూలు పుట్టిందే ఈ డాక్టరుగారి పుణ్యమా అని. ఆరేళ్ళ కిందట ఆయన ఒక చెక్క బల్లకట్టు కట్టి, దాని మీద గది వేసి, గదిలో మరుగుదొడ్డి పెట్టి, తన డబ్బాకే రెండో తాడుతో కట్టాడు. ఇదేమిటంటే పడవ కాదు, వేదిక అన్నాడు. మా బావగారికి తిక్కరేగి, "డబ్బాకు తాడుతో కట్టి నీటిపై తేలుతున్నది ఏదైనా పడవగానే లెక్క" అని రాసి, పైవాళ్ళ చేత ముద్ర వేయించి, బల్లకట్టు పీకించాడు. ఆ రోజు మేం చప్పట్లు కొట్టాం. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు, ఆయన తీసిన గోతిలో నలభై కుటుంబాలు పడేట్టున్నాయి.

బావగారు పెన్ను తీశాడు. మూత పెట్టి, మళ్ళీ తీశాడు. కానీ రాశాడు. పది.

"బావగారూ!" అని అరిచాను. "అది మీ ఇంటి తొట్టి! మొన్న ఆదివారం మీ చొక్కాలు నానింది అందులోనే!"

"తెలుసు," అన్నాడు నా వైపు చూడకుండా. "కానీ కట్టి ఉంది."

ఆఫీసరమ్మ మంచిదే. "రేపు సాయంత్రం అయిదింటికి ఈ కాగితం పంపించాలి. ఈలోపు ఎవరైనా అభ్యంతరం రాసిస్తే చూస్తాను," అంది. అయిదు దాటితే తిప్ప ఏడాది మూత. ఆ ఏడాదిలో పడవలు ఇరవై అవుతాయి. ఇరవై పడవలు కట్టాక వాటిని మళ్ళీ తొమ్మిదికి దించడం బ్రహ్మతరం కూడా కాదు. అంటే ఏడాది మూత కాదు, శాశ్వతంగా మూతే.

ఆ సాయంత్రం నేను అక్క వంటింట్లోనే ఉన్నాను. తన తొట్టి వల్లే ఇంత జరిగిందని అక్క పొద్దున్నుంచీ ఎవరి మొహం చూడలేకపోతోంది. బావగారు వచ్చాడు. చెప్పులు గీతలో పెట్టాడు. పొయ్యి దగ్గరున్న అక్క చేతికి ఒక కవరిచ్చాడు.

"ఏమిటండీ ఇది?"

"నోటీసు. లైసెన్సు లేని పడవని డబ్బాకి కట్టినందుకు. దాని యజమానురాలివి నువ్వే కదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. "సిగ్గులేదూ మీకు? కట్టుకున్న పెళ్ళానికి నోటీసిస్తారా?" అన్నాను.

"వేరేవాళ్ళయితే ఇచ్చేవాణ్ణి కదమ్మా. ఇంట్లోవాళ్ళకి ఇవ్వకపోతే ఎలా?" అన్నాడు. ఆయన గొంతులో పౌరుషం లేదు, పాపం. చాలా అలసిపోయి ఉన్నాడు.

అక్క పొయ్యి ఆపింది. చేతులు తుడుచుకుని నోటీసు మొత్తం చదివింది. "అయితే నేను పడవ యజమానినన్నమాట," అంది.

"అవును."

"లైసెన్సు కావాలంటే ఏం చెయ్యాలి?"

"పడవని పరీక్షించాలి."

"ఎవరు?"

"రేవు ఆఫీసు నుంచి. అంటే నేనే."

"ఎలా పరీక్షిస్తారు?"

బావగారు కొంచెం తడబడ్డాడు. "మొదటి రూలు ప్రకారం, మనిషిని మోస్తూ నీళ్ళ మీద నిలిచేదే పడవ. అధికారి అందులో కూర్చోవాలి. అయిదు నిమిషాలు నిలవాలి."

"నిలవకపోతే?"

"పడవ కానట్టే."

"మొదటి రూలు పెద్దదా, పదకొండోది పెద్దదా?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "మొదటిదే," అన్నాడు.

అక్క నోటీసు తిరగేసి, దాని వెనకే రాసింది: "నా తొట్టి పడవ కాదు. కావాలంటే ఎక్కి చూసుకోండి." కింద సంతకం పెట్టి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చదివి, మడిచి, జేబులో పెట్టుకుని భోజనానికి కూర్చున్నాడు. రెండు ముద్దలు తిని లేచాడు. నీళ్ళ గ్లాసు వైపు కూడా భయంగానే చూశాడు.

మర్నాడు మధ్యాహ్నం గట్టు మీద ఇసకేస్తే రాలనంత జనం. తవ్వేవాళ్ళం నలభై మందిమీ ఒక పక్క, పడవలవాళ్ళు ఒక పక్క. డాక్టరుగారు మడత కుర్చీ, గొడుగు తెచ్చుకుని మరీ కూర్చున్నారు. మేం ముందు డాక్టరుగారే ఎక్కాలని పట్టుబట్టాం. అది పడవేనని తేలాలని ఉబలాటపడేది ఆయనే కదా! ఆయన్ని మోసే తొట్టి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు, అదీ మా ధైర్యం. ఆఫీసరమ్మ ఒప్పుకోలేదు. రేవు అధికారే ఎక్కాలంది. రేవు అధికారి చూస్తే ఎండు పుల్ల. చొక్కాతో సహా తూచినా యాభై కిలోలు రాడు. ఆయనెక్కితే ఏ తొట్టి మునుగుతుంది?

మేకుకున్న జాకెట్టు దులిపి వేసుకున్నాడు. రూళ్ళ పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. ఇద్దరు పడవవాళ్ళు ఆయన్ని నాలుగో డబ్బా దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడ నీళ్ళు పీకల లోతు. తొట్టిలో గుల్లలు ముందే తీసేశారు. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని, పసిపిల్లాణ్ణి కూర్చోబెట్టినట్టు ఆయన్ని తొట్టిలో కూర్చోబెట్టి తాడు విప్పారు. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు.

తొట్టి తేలింది.

అటూ ఇటూ ఊగి, నీళ్ళకి నాలుగు వేళ్ళ ఎత్తున అంచు నిలబెట్టుకుని, నిమ్మకు నీరెత్తినట్టు నిలబడింది. పడవలవాళ్ళు ఈలలు వేశారు. "శభాష్ సార్! కదలకండి సార్!" అని డాక్టరుగారు లేచి నిలబడ్డారు. మొన్నటిదాకా ఆయన పేరు చెబితే పళ్ళు నూరినవాళ్ళు నిన్న పొద్దున్నుంచి ఆయనకి భక్తులైపోయారు.

"ఒక నిమిషం," అంది ఆఫీసరమ్మ గడియారం చూస్తూ.

అప్పుడు మా అక్క గట్టు చివరికి పరిగెత్తింది. "మునగండీ!" అని అరిచింది.

జనమంతా తలలు అక్క వైపు తిప్పారు.

"మునగండీ! మీకు పుణ్యముంటుంది, మునిగిపొండి!"

దాంతో మేమంతా అందుకున్నాం. నలభై గొంతులు. "మునగాలి! మునగాలి!" ఎన్నడైనా విన్నారా ఇలాంటి వింత? కట్టుకున్నది మొగుణ్ణి మునగమంటోంది, గిట్టనివాళ్ళు పది కాలాల పాటు తేలమంటున్నారు. నేను ఒకపక్క అరుస్తూనే ఒకపక్క నవ్వు ఆపుకోలేకపోయాను. అక్క వైపు చూశాక నవ్వు పోయింది. అక్క అరుస్తోంది, కళ్ళమ్మట ధారలు కారుతున్నాయి. అమ్మ పోయిన రోజున తప్ప అది అలా ఏడవడం నేను చూడలేదు. తిప్ప పోతే నలభై ఇళ్ళవాళ్ళూ అనేది దాన్నే, నీ తొట్టి వల్లే అని. బతికినంత కాలం అంటారు.

"మూడు నిమిషాలు," అంది ఆఫీసరమ్మ.

తొట్టిలో బావగారు కళ్ళు తెరిచాడు. గట్టు వైపు తిరిగి చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. తరవాత చిన్నపిల్లలు బళ్ళో ఎత్తినట్టు ఒక చెయ్యి పైకెత్తాడు.

"పరీక్ష చెల్లదు," అన్నాడు. ఆ మాట గట్టుదాకా వినబడింది. "పద్దెనిమిదో రూలు ప్రకారం పడవలో లంగరుండాలి. పదహారు కిలోలకి తక్కువ కాకూడదు. లంగరు లేకుండా పరీక్షించడం కుదరదు."

"ఖర్మ!" అని నెత్తి కొట్టుకున్నాను. ఆ స్థితిలోనూ రూలే! కుక్క తోక వంకరన్నారు ఊరికే అన్నారా?

డాక్టరుగారు ఆనందం పట్టలేకపోయారు. పరీక్ష పక్కాగా జరిగితే రేపు ఎవరూ నోరెత్తడానికుండదు కదా! "రూలు రూలే! సార్ చెప్పింది అక్షరాలా నిజం. మేడమ్, లంగరు నాదివ్వండి, కొత్తది, సరిగ్గా పదహారు కిలోలు!" అన్నారు. తన పడవలో లంగరు తీయించి, తానే దగ్గరుండి పంపించారు. గోల చేస్తున్న తన మనుషుల్ని కసిరి మరీ పంపించారు.

పడవవాళ్ళు ఆ ఇనప లంగరు తెచ్చి మెల్లిగా బావగారి ఒళ్ళో పెట్టారు. నాలుగు వేళ్ళ ఎత్తు ఒక వేలయింది. డాక్టరుగారి మొహంలో అప్పుడు మొదలైంది అనుమానం. "ఆగండాగండి," అంటూ చెయ్యెత్తారు. ఈలోపు ఎక్కడో దూరాన పోయిన లాంచీ తాలూకు బుల్లి అల ఒకటి తీరిగ్గా నడుచుకుంటూ వచ్చింది. తొట్టి అంచు మీద నుంచి కాసిని నీళ్ళు లోపలికి వెళ్ళాయి. బావగారు కదల్లేదు. ఇంకాసిని వెళ్ళాయి. ఆపైన బుడుంగున తొట్టీ, లంగరూ, కొలబద్దగారూ ఒక్కసారి కిందికి పోయారు.

రెండు క్షణాల తరవాత జాకెట్టు ఆయన్ని పైకి తేల్చింది. ఇరవై ఏళ్ళు మేకుకి వేలాడినా అది పనిచేసింది, దాని తల్లి కడుపు చల్లగా! చంకలో పుస్తకం వదలకుండా, కళ్ళూ ముక్కూ నీళ్ళు కారుతూ, నారింజ రంగు జాకెట్టులో ఇంకో డబ్బాలాగే తేలుతున్నాడు. పడవవాళ్ళు చెయ్యి అందించేలోపే అక్క నీళ్ళలో దూకింది. పీకల లోతులో నడుచుకుంటూ వెళ్ళి, జాకెట్టు పట్టీ పట్టుకుని ఒడ్డుదాకా ఈడ్చుకొచ్చింది.

"ఈత రానివాడికి లంగరెందుకండీ? బుద్ధుందా మీకు? మునిగిపోతే నేనేం కావాలి?" అని దారి పొడుగునా తిడుతూనే ఉంది. అప్పటిదాకా మునగమని అరిచింది తనే అన్నది దానికి గుర్తే లేదు. వీపు మీద ఒకటి చరిచింది కూడా. చరిస్తే నీళ్ళు కక్కాడు, మంచిదే అయింది.

కాస్త ఊపిరి తిరిగాక ఆయన అడిగింది పెన్ను. ఆఫీసరమ్మ అట్ట మీద పది కొట్టేసి, తొమ్మిది అని రాసి, పక్కన సంతకం పెట్టాడు. తరవాత లేచి నిలబడి, నీళ్ళు కారుతూనే, అందరికీ వినబడేట్టు అన్నాడు: "తొట్టి పడవ కాదు. పదకొండో రూలు తప్పు. రాసింది నేనే, తప్పు నాదే. మనిషిని మోసేదీ, మరుగుదొడ్డి ఉన్నదీ మాత్రమే పడవ అని రేపే మార్పించేస్తాను." ఆ నోట తప్పు నాది అన్న మాట విన్నది ఆ రోజే. తవ్వేవాళ్ళం ఒకరినొకరు కావిలించుకున్నాం. డాక్టరుగారు మాత్రం గట్టు చివర నిలబడి నీళ్ళలోకి చూస్తూ, "నా లంగరు, నా లంగరు," అంటూనే ఉన్నారు. ఆయన నోట్లో ఎవరో దూది పెట్టినట్టే ఉంది ఆ పూటకి.

తిప్ప ఆ ఏడాది మూతపడలేదు. మరుసటేడూ పడలేదు. ఇప్పుడు బావగారు రిటైరయ్యాడు కాబట్టి మిగతాది కూడా చెప్పేస్తాను. చెప్పినా ఇప్పుడాయన ఉద్యోగం ఊడదు, మారిన రూలు మళ్ళీ మారదు.

మునిగిన మూడో రోజున అక్క ఇంటికెళ్ళాను. అక్క ఇంట్లో లేదు. రూళ్ళ పుస్తకం తడిసి ఉబ్బిపోయి ఉంటే, బావగారు వరండాలో ఎండలో పెట్టి, పేజీకీ పేజీకీ మధ్య కాగితాలు పెడుతూ ఆరబెడుతున్నాడు. ఆయన లోపలికి వెళ్ళినప్పుడు ఊరికే తిరగేశాను. ఆ పుస్తకం ఆయన తప్ప ఊళ్ళో ఎవరూ చదవలేదు. డాక్టరుగారు కూడా తనకి తగిలిన పదకొండో రూలొక్కటే చదివినట్టున్నాడు. నా చేతికి పద్దెనిమిది తగిలింది. "పన్నెండు అడుగులు మించిన పొడవు గల పడవలలో లంగరు తప్పనిసరి. అంతకు తక్కువైన వాటికి అవసరం లేదు." కింద బావగారి సంతకం. తొట్టి మూడడుగులు ఉంటే ఎక్కువ.

ఆయన తువ్వాలుతో బయటికి వచ్చాడు.

"పద్దెనిమిదో రూలు చదివాను బావగారూ," అన్నాను.

ఆయన ఆగిపోయాడు. "ఎంతవరకు?"

"పూర్తిగా. మర్చిపోయారా?"

"నేను రాసింది నాకు గుర్తుండదా?"

"మరి?"

ఆయన కూర్చున్నాడు. తువ్వాలు మడిచాడు, మళ్ళీ విప్పాడు, మళ్ళీ మడిచాడు. "ఇన్నేళ్ళలో మీ అక్క నన్ను తిట్టింది గానీ నా వల్ల ఏడవలేదమ్మా," అన్నాడు. "అది ఒడ్డున నిలబడి మునగమని ఏడుస్తుంటే నేనెలా తేలను?"

నేను కళ్ళు తుడుచుకుని, ఆయన పక్కనే కూర్చుని, తడి పేజీల మధ్య కాగితాలు పెట్టడం మొదలుపెట్టాను. ఆయన నా చేతిలోంచి పుస్తకం మెల్లిగా లాక్కున్నాడు.

"ఇది ఆఫీసు పుస్తకం," అన్నాడు. "చదవాలంటే ముందు అర్జీ పెట్టుకోవాలి."